ధర బట్టకా, రోజుకా? బెంగళూరులో ఒక కలంకారీ కళాకారిణి లెక్కల కేసు

చేతిపని కళాకారులకు ధరలు, ఖాతాలు, ఒప్పందాలు సరిచేసిపెట్టే పనిలో వచ్చిన కేసు ఇది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెల్ని కాస్త రౌండు చేసినా వాటి మధ్య నిష్పత్తులు అసలువే. కలంకారీ పని తెలియనివారికి కూడా అర్థమయ్యేలా సాంకేతిక విషయాలు కొంచెం విడమర్చాను. ఈ కేసులో డబ్బు సమస్యకూ, రంగు ఉడకబెట్టే సమస్యకూ మధ్య గోడ లేదు.

నేపథ్యం

వయసు ముప్పై దాటింది. శ్రీకాళహస్తి వైపు కుటుంబం, పని నేర్చుకున్నది పెదనాన్న దగ్గర. పెళ్లయ్యాక భర్త ఉద్యోగం కోసం బెంగళూరు తూర్పు శివారుకు వచ్చారు. అద్దె ఇంట్లో ఒక గది పనికి కేటాయించుకుంది. ఇంటి యజమాని ఒప్పుకోవడంతో మేడమీద బట్ట ఆరేసుకుంటుంది. రంగులు నింపడానికి ఇద్దరు అమ్మాయిలు వస్తారు. వాళ్లకు ముక్కకు ఇంత అని ఇచ్చేది, రోజుకు లెక్కేస్తే 600 పడుతుంది.

ఆమె చేసేది పూర్తిగా కలం పని. గాడా బట్టను (ముతక నూలు బట్ట) గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టాలి. పాలలోని కొవ్వు గీత పాకకుండా ఆపుతుంది. చింతపుల్ల బొగ్గుతో బొమ్మ వేసుకుని, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టి తీసిన కసింతో నల్ల గీత గీయాలి. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పట్టించి, ఉతికి, ఎరుపు రంగునిచ్చే మంజిష్ఠ వేరు నీళ్లలో ఉడకబెట్టాలి. ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మధ్య మధ్య ఉతుకులు. ఈ క్రమం గుర్తుంచుకోండి, తర్వాత ఒప్పందం షరతులన్నీ దీన్నుంచే పుట్టాయి.

వచ్చిన సమస్య

ఆమె అడిగింది అప్పు గురించి. దసరా, దీపావళి ఎగ్జిబిషన్లకు సరుకు చేసుకోవడానికి 2 లక్షలు కావాలి. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే కేంద్ర పథకం ముద్రలో కిశోర్ రకం కింద 50,000 నుంచి 5 లక్షల దాకా ఇస్తారు కాబట్టి అది దొరకని అప్పు కాదు. చేతివృత్తులవాళ్ల కోసం ఉన్న పీఎం విశ్వకర్మ పథకం గురించీ ఎవరో చెప్పారట. అందులోని 18 వృత్తుల జాబితాలో బట్ట మీద బొమ్మలు వేసే పని లేదు, ఆ దారి అక్కడితో మూసుకుంది. 'సరుకు ఎక్కువుంటే అమ్మకం ఎక్కువ' అన్నది ఆమె లెక్క.

అప్పు కాగితాలు ముట్టుకునే ముందు ఒక్కటి తేల్చుకోవాలి: ఒక ముక్క అమ్మితే ఆమె చేతిలో రోజుకు ఎంత మిగులుతోంది? ముక్కకు మిగిలేది తక్కువైతే, ఎక్కువ ముక్కలు చేయడానికి అప్పు తేవడమంటే ఆ తక్కువను వడ్డీ కట్టి పెంచుకోవడమే.

ఆమె దగ్గర పని రోజుల లెక్క లేదు. చాలామంది కళాకారుల దగ్గర ఉండదు. కానీ ప్రతి దశలోనూ ఫోనులో ఫొటో తీసే అలవాటు ఉంది. ఆ ఫొటోల తేదీలు, బ్యాంకు స్టేట్‌మెంటు, స్టాలు రసీదులు పక్కపక్కన పెడితే గడిచిన ఏడాది మొత్తం బయటికొచ్చింది.

రాబడి: ఒక్కొక్కటి 3,200 చొప్పున 86 దుపట్టాలు, 2,75,200. గ్యాలరీలో అమ్ముడైన గోడ బొమ్మలు 5. ఒక్కోదానికి ధర 28,000, గ్యాలరీ 40 శాతం తీసుకోగా ఆమెకు 16,800, వెరసి 84,000. వర్క్‌షాపులు 7, ఒక్కోదానికి 6,000 చొప్పున 42,000. మొత్తం 4,01,200.

ఖర్చు: బట్ట, రంగులు 88,000, అమ్మాయిల కూలి 62,000, స్టాలు అద్దెలు, రవాణా 71,000, ఫ్రేములు 13,000, వర్క్‌షాపు సామాను 12,600, కొరియరు, ఫోను వగైరా 19,000. మిగిలింది 1,35,600, అంటే నెలకు 11,300. గది అద్దె ఇందులో కలపలేదు.

అమ్ముడైన పనికి పట్టిన రోజులు: దుపట్టాకు 2 చొప్పున 172, గోడ బొమ్మకు 14 చొప్పున 70, వర్క్‌షాపుకు సర్దుకోవడంతో కలిపి 2 చొప్పున 14. మొత్తం 256 రోజులు. రోజుకు 530 రూపాయలు. రంగు నింపే అమ్మాయికి పడేది 600.

ఆ అంకె చూశాక అప్పు మాట మళ్లీ రాలేదు.

ఇంకా లోతుకు వెళ్తే అసలు చిక్కు కనిపించింది. దుపట్టా 3,200కు అమ్మితే బట్ట, రంగులకు 950, కూలికి 730, స్టాలు వాటా 835 పోతాయి. మిగిలిన 685కు ఆమె రెండు రోజులు పెడుతోంది, రోజుకు 342. గోడ బొమ్మకు రోజుకు 950, వర్క్‌షాపుకు 2,100. అంటే ఏడాదిలో మూడింట రెండు వంతుల రోజులు అన్నిటికంటే తక్కువ ఇచ్చే పనికి పోతున్నాయి. పైగా ఇంట్లో పాత ఏళ్ల నుంచీ పేరుకున్న 23 దుపట్టాలు, గ్యాలరీల్లో కాగితం లేకుండా ఉంచిన 9 బొమ్మలు. వాటిలో కొన్ని ఏడాది దాటినవి.

3,200 ధర ఎలా పెట్టావని అడిగితే 'పక్క స్టాలులో అంతే' అంది. పక్క స్టాలులో ఉన్నది డిజిటల్ ప్రింటు.

ప్రయత్నించి వదిలేసినవి

మొదట చిన్న వస్తువులు: జాకెట్టు ముక్కలు, 8×10 అంగుళాల బొమ్మలు, 600 నుంచి 900 ధరలో. తక్కువ ధర పెడితే చేతులు మారడం సులువని ఊహ. చేతులు మారాయి, డబ్బు మిగల్లేదు. బట్ట చిన్నదైతే పని ఆ మేరకు చిన్నదవదు. ఉతుకులు అన్నే, ఆరబెట్టడాలు అన్నే. బొమ్మ చిన్నదయ్యేకొద్దీ ముఖం, వేళ్లు గీయడం ఇంకా కష్టం. అన్నిటికంటే నెమ్మదిగా నడిచేది అక్కడి గీతే, దాన్ని అమ్మాయిలకు అప్పగించలేం. 8×10 బొమ్మకు ఒకటింబావు రోజు పట్టింది. రెండు నెలల్లో ఆపేశాం.

రెండోది, గీతను స్క్రీన్ ప్రింటు చేయించి రంగు మాత్రం చేత్తో నింపడం. రోజులు సగానికి పైగా తగ్గాయి. కానీ అది శ్రీకాళహస్తి కలంకారీ అని చెప్పి అమ్మకూడదు. ఆ పేరుకున్న భౌగోళిక గుర్తింపు (జీఐ) కలంతో గీసిన పనికే. 'అచ్చు గీత, చేతి రంగు' అని చీటీ కట్టి పెట్టాం. కొనేవాళ్లు చీటీ చదివి 1,400 దగ్గర ఆగారు. దీనికంటే పెద్ద నష్టం, పాత ఖాతాదారుల్లో ఇద్దరు తాము కొన్నవాటినీ అనుమానంగా అడగడం. పేరు మీద బతికే పనిలో ఈ ఖర్చు ఖాతా పుస్తకంలో కనపడదు. ఒక్క విడతతో ముగించాం.

మూడోది వర్క్‌షాపులు పెంచడం. రోజుకు 2,100 ఇస్తున్నప్పుడు అదే చేయొచ్చు కదా అనిపిస్తుంది. నాలుగు నెలలు వారానికొకటి పెట్టి చూశాం. మూడు విషయాలు తేలాయి. ఒకటి, శనాదివారాలు దానికి పోతే సోమవారం సగం అలసటకు పోతుంది. కసిం గీతకు చేయి నిలకడగా ఉండాలి. రెండు, పిల్లల పరీక్షల కాలంలోనూ వానల్లోనూ జనం రారు, ముందురోజు రాత్రి రద్దు చేసేవాళ్లకు డబ్బు వెనక్కివ్వాలి. మూడు, కొత్త బొమ్మలు ఆగిపోతే ఏడాది తిరిగేసరికి వర్క్‌షాపుకు పిలిచే కారణమే పోతుంది. కాబట్టి మానేయలేదు, కట్టడి చేశాం. నెలకు రెండు మించకూడదు, కనీసం 10 మంది, మనిషికి 900, సగం ముందే, అది వెనక్కివ్వరు. బల్లలు, నీళ్లు పిలిచినవాళ్లవే.

నీళ్ల గొడవ

ఈ మధ్యలో 2024 ఎండాకాలం వచ్చింది. బెంగళూరులో నీటి కొరత ఎంత ముదిరిందంటే, తాగునీటితో కార్లు కడిగినా తోటకు పెట్టినా 5,000 జరిమానా అని మార్చిలో జలమండలి ప్రకటించింది. ఆమె ఉండేచోట కావేరి నీళ్లు అసలే అంతంతమాత్రం, బోరు ఎండిపోయి ట్యాంకరే దిక్కయింది. ఒకే వారంలో రెండు బొమ్మల్లో ఎరుపు మురికిగా, బొమ్మ వెనక ఖాళీ బట్ట బూడిద రంగులో తేలాయి. పటిక పాడైందని, మంజిష్ఠ పాతదని అనుకుంది.

కారణం నీళ్లలోని ఇనుము. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది, ఇనుము తగిలితే నల్లబడుతుంది. కసిం గీత నల్లగా వచ్చేది సరిగ్గా ఆ చర్యతోనే. ఉతికే నీళ్లలోనే ఇనుముంటే గీత దగ్గరే కాదు, బట్ట మొత్తం మీద అదే జరుగుతుంది. మంజిష్ఠ ఎరుపునూ ఇనుము మకిలి పట్టిస్తుంది. పరీక్ష సులువు: కరక్కాయ పట్టించిన చిన్న బట్ట ముక్క మీద ఆ నీళ్లు రెండు చుక్కలు వేసి ఆరనివ్వాలి. బూడిద వలయం పడితే ఆ నీళ్లు ఉతుక్కి పనికిరావు. ట్యాంకరు మారినప్పుడల్లా ఇది చేయాలి, ఎందుకంటే ఈసారి నీళ్లు ఏ బోరువో డ్రైవరుకే తెలియాలి.

నీటి శుద్ధి యంత్రం పెట్టడమా, పనిని రెండు ఊళ్లకు పంచడమా? యంత్రం ఖరీదు ఒక్కటే కాదు, ఉతుక్కి కావాల్సిన పరిమాణానికి ఇంట్లో చోటే లేదు. అందుకే కరక్కాయ, బొగ్గు బొమ్మ, నల్ల గీత దాకా బెంగళూరులో. పటిక పట్టించడం, ఉడకబెట్టడం, ఉతుకులు శ్రీకాళహస్తిలో బంధువుల గాబు దగ్గర, ఆరు వారాలకొకసారి అన్నీ కలిపి. పసుపు, నీలం తిరిగొచ్చాక ఇక్కడ. తిరుపతి మీదుగా రాత్రి బస్సు ప్రయాణం. నల్ల గీత పూర్తిగా ఆరిన బట్టను మధ్యలో కాగితం పెట్టి చుట్టి తీసుకెళ్తే ఏమీ కాదు. తడి మిగిలితే మాత్రం పాలు పట్టించిన బట్ట వానాకాలంలో వాసన కొట్టి బూజు పడుతుంది. బొమ్మకు 1,500 ఖర్చు పెరిగింది, పాడయ్యేవి తగ్గాయి.

పనిచేసినవి

అసలు మార్పు రోజు ధర కట్టడం. ఇంటికి నెలకు 30,000 కావాలి. గది అద్దె వాటా, కరెంటు, నీళ్లు, ఫోను, ప్యాకింగు 6,000. నెలలో పని చేయగల 25 రోజుల్లో కొనుగోళ్లు, ఫోన్లు, ప్యాకింగు, బ్యాంకు పనులకు 7 పోతాయి. మిగిలేవి 18. 36,000ను 18తో భాగిస్తే రోజుకు 2,000. ఆ 18 దగ్గర ఆమె చాలాసేపు వాదించింది, 'నేను 25 రోజులూ కూర్చుంటానండీ' అని. ఫోను ఫొటోల్లో ఏ నెలా 25 నిండలేదు.

ఇక 3×4 అడుగుల బొమ్మకు: 14 రోజులకు 28,000, బట్ట, రంగులు 900, కూలి 2,400, ఉతుకు ప్రయాణం 1,500. మొత్తం 32,800. పాడయ్యే వాటికి 10 శాతం కలిపితే 36,080. చెప్పే ధర 36,000, ఫ్రేము వేరు. దుపట్టా 6,200 అయింది. ఆ ధరకు స్టాలులో అమ్ముడుపోదని ఇద్దరికీ తెలుసు. పాత ఖాతాదారులకు మాత్రమే, ముందే ఆర్డరు తీసుకుని.

36,000 ఇచ్చే మనుషులు ఎవరు? గృహప్రవేశాలు చేసుకునేవాళ్లు, ఇంటీరియర్ డిజైనర్లు. వీళ్లకు కావాల్సింది కొలత ప్రకారం చేసిన బొమ్మ, చెప్పిన తేదీకి. వీళ్లను కలవడానికి పది రోజుల ఎగ్జిబిషన్లు మానేసి కర్ణాటక చిత్రకళా పరిషత్తు జరిపే చిత్ర సంతె ఉంచాం. 2003 నుంచి సాధారణంగా జనవరిలో కుమార కృపా రోడ్డులో ఒక్క ఆదివారం జరుగుతుంది. రోజులు పోవు, నడిచి చూసేవాళ్లు బొమ్మల కోసమే వస్తారు. దుపట్టాలు తీసుకెళ్లలేదు. రెండు పెద్ద బొమ్మలు, నల్ల గీత దగ్గర ఆగిన బట్ట ఒకటి, టేపు, ధరల కాగితం. సగం పని అయిన బట్ట దగ్గరే జనం ఎక్కువసేపు నిలబడ్డారు. ధర ఎందుకంతో చెప్పే శ్రమ అది తీర్చేసింది.

గ్యాలరీతో ఒక జాగ్రత్త. బయట 36,000కు ఇచ్చే బొమ్మనే గ్యాలరీలో పెడితే, వాళ్ల కమీషను పోను అంత రావాలంటే 60,000 చెప్పాలి. అదే బొమ్మ బయట చవగ్గా దొరుకుతోందని తెలిస్తే ఆ సంబంధం తెగుతుంది. అందుకని రకాలే వేరు చేశాం. కథా సన్నివేశాలతో ఆమె సొంతంగా కూర్చిన పెద్ద బొమ్మలు గ్యాలరీకి, కొలత పనులు నేరుగా. గ్యాలరీలో ఉన్నవాటికి ఒక పేజీ ఒప్పందం: ఏ బొమ్మ, ఏ ధర, ఆరు నెలల గడువు, అమ్మిన 15 రోజుల్లో డబ్బు, పాడైతే ఎవరి బాధ్యత. 9లో 6 వెనక్కి వచ్చాయి.

డబ్బు విడతలు పనిని బట్టి కట్టినవి. కాగితం మీద బొమ్మ ఒప్పుకున్నప్పుడు 40 శాతం. నల్ల గీత పూర్తయి ఫొటో పంపినప్పుడు 30. పంపే ముందు 30. మధ్య విడత అక్కడే ఎందుకంటే కసిం గీత చెరగదు. అప్పటిదాకా దేవుడి చేయి అటు తిప్పమన్నా, నెమలి బదులు చిలుక పెట్టమన్నా చేయొచ్చు. ఆ తర్వాత మార్పంటే కొత్త బట్ట. 'నల్ల గీత తర్వాతి మార్పుకు అప్పటిదాకా అయిన రోజుల ధర అదనం' అన్న ఒక్క వాక్యంతో వాట్సాప్‌లో అర్ధరాత్రి సవరణలు ఆగిపోయాయి.

హక్కుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అంతకు ముందు ఒక సంస్థ తమ భవనానికి నాలుగు బొమ్మలు చేయించుకుంది. తర్వాత ఆ బొమ్మల్నే బహుమతి పెట్టెల మీద అచ్చేసి పంచింది. ఆమెకు నోటీసు పంపాలనుంది. కాగితం ఏముందని చూస్తే బిల్లు తప్ప ఏమీ లేదు. సాధారణంగా రచన చేసినవాళ్లే దాని కాపీరైటుకు తొలి యజమానులు. కానీ 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17లో ఒక మినహాయింపు ఉంది. డబ్బిచ్చి చేయించుకున్న ఫొటో, పెయింటింగు, పోర్ట్రెయిటు వంటివాటికి, వేరే ఒప్పందం లేకపోతే, చేయించుకున్నవారే తొలి యజమాని. కథలు రాసేవాళ్లకు లేని ఈ చిక్కు బొమ్మలు వేసేవాళ్లకుంది, చాలామందికి తెలియదు. సెక్షన్ 57 ప్రకారం పేరు వేయమనే హక్కు మాత్రం ఆమెదే. నోటీసు బదులు పేరు వేయమని మర్యాదగా లేఖ రాయించాం, తర్వాతి అచ్చులో వేశారు.

అప్పటినుంచి ప్రతి ఆర్డరు కాగితంలో: 'బొమ్మ మీది, దాని కాపీరైటు కళాకారిణిది. అచ్చు, ప్రకటన, వస్తువుల మీద వాడుకకు విడిగా రాతపూర్వక అనుమతి కావాలి.' అనుమతి ఇచ్చేటప్పుడు ఏ రూపం, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత డబ్బు అన్నవి నాలుగూ రాయాలి. కాలం రాయకపోతే చట్టం ఐదేళ్లు అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం మొత్తం అనుకుంటుంది. ఒక కంపెనీ ఆరు బొమ్మల్ని ఏడాది క్యాలెండరుకు 48,000కు తీసుకుంది. దీనికి కొత్తగా పెట్టిన రోజులు లేవు, ఖర్చయింది పెద్ద సైజు ఫొటోలు తీయించడానికి 12,000. ఆ ఫైళ్లు మళ్లీ పనికొస్తాయి.

చివరిది బాకీ. ఒక కంపెనీ దగ్గర 54,000 బిల్లు మూడు నెలలు దాటినా రాలేదు. ఆర్డరుకు ముందే ఉద్యం (చిన్న సంస్థలకు ప్రభుత్వ గుర్తింపు) నమోదు చేయించి ఉన్నాం. అది ఉచితం, డబ్బడిగే వెబ్‌సైట్లు నకిలీవి. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం ఉన్న ఎంఎస్ఎంఈడీ చట్టం 2006 ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఇలాంటి బాకీల మీద ప్రభుత్వ పోర్టల్లో ఫిర్యాదు వేయొచ్చు, కానీ అది వేస్తే ఆ కంపెనీ మళ్లీ పిలవదు. ముందు అకౌంట్స్ విభాగానికే రాశాం, ఉద్యం నంబరుతో, అప్పటి ఆదాయపు పన్ను చట్టంలోని 43బీ(హెచ్) ప్రస్తావనతో. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా ఇవ్వని డబ్బును కొన్న కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేదు, చెల్లించిన ఏడాదే చూపించాలి. మార్చి రెండో వారంలో రాసిన లేఖ అది. నెలాఖరులోగా డబ్బు పడింది. పిలిచే మేనేజరును ఎన్నిసార్లు అడిగినా రానిది అకౌంట్స్‌కు రాస్తే వస్తుంది, ఎందుకంటే ఆ భయం అక్కడే ఉంటుంది.

తర్వాతి ఏడాది

కొలత బొమ్మలు 6, 2,16,000. దుపట్టాలు 20, 1,24,000. వర్క్‌షాపులు 14, 1,26,000. గ్యాలరీలో పెద్ద బొమ్మ ఒకటి, ఆమెకు 48,000. క్యాలెండరు 48,000. మొత్తం 5,62,000, ఖర్చు 1,59,000, మిగిలింది 4,03,000. పని రోజులు 172. గది అద్దె ఇందులోనూ కలపలేదు. కలిపితే నెలకు 30,000 దగ్గర ఆగుతుంది.

బాగా కనిపిస్తోంది గానీ రెండు పగుళ్లున్నాయి. క్యాలెండరు ఒక్క కంపెనీది. అది పోతే నెలకు 4,000 పడిపోతుంది. ఇక నెలకు 18 చొప్పున 216 రోజుల లెక్కలో 172 మాత్రమే నిండాయి. ఆషాఢంలో, గృహప్రవేశాలు లేని నెలల్లో, ఆర్డర్లు రాలేదు. ఆ ఖాళీల్లో గ్యాలరీకి పెద్ద బొమ్మ చేయాలన్నది ఇప్పటి ఏర్పాటు. దాని డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పలేం కాబట్టి రెండు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉండాలి, ప్రస్తుతం ఒకటిన్నర నెలది ఉంది.

ఇలాంటి కేసు చేతికొస్తే

అప్పుకంటే ముందు రోజుకు ఎంత అన్నది తేల్చాలి. లెక్క పుస్తకం లేదని వదిలేయొద్దు. ఫోను ఫొటోల తేదీలు, యూపీఐ చరిత్ర, బస్సు టికెట్లు చాలు. విడతల్ని తేదీలకు కాకుండా, పనిలో వెనక్కి తిరగలేని దశలకు కట్టాలి. అది కలంకారీలో నల్ల గీత, శిల్పంలో అచ్చు పోయడం, రికార్డింగులో చివరి మిక్సు. చవకరకం తెద్దామనుకున్నప్పుడు చిన్నదవుతున్నది బట్టా, రోజులా అని చూడాలి.

ధర పెంచాక కొందరు పోతారు. ఈమెకు ఎగ్జిబిషన్లలో కొనేవాళ్లు దాదాపు అందరూ పోయారు, ఏడాదికి 86 దుపట్టాలు 20 అయ్యాయి. దాంతో అమ్మాయిలకు పని తగ్గింది. ఒకామె వేరే చోట చేరిపోయింది. ఉన్నామెకు రోజుకు 750 ఇస్తున్నారు, నల్ల గీత నేర్పుతున్నారు. ఆ 750ను ధరల కాగితంలో ఇంకా ఎక్కించలేదు. ఎక్కిస్తే 3×4 బొమ్మ 36,700 దగ్గరికి వస్తుంది. ఏప్రిల్‌లో రోజు ధర మళ్లీ కట్టేటప్పుడు మొదట మార్చాల్సింది అదే.